క్యూలో కాస్త నీడ వేయించండి

సంపాదకులకు,

మొన్న సెలవు రోజున పిల్లలిద్దరినీ తీసుకుని ఓ థీమ్ పార్కుకు వెళ్లాం. రైడ్ మూడు నిమిషాలు, దానికోసం ఎండలో నిలబడింది ముప్పావుగంట. నెత్తిన రేకు ముక్క కూడా లేదు. మా చిన్నది ఆనుకుందామని ఇనుప కమ్మీ పట్టుకుని, చురుక్కుమనేసరికి చెయ్యి లాగేసుకుంది. కాసేపటికి ముఖం కందగడ్డలా అయింది, అల్లరి ఆగిపోయింది. బుద్ధిగా ఉందే అని మురిసిపోయాను కూడా! ఎండలో పిల్లలు ఉన్నట్టుండి నెమ్మదిస్తే భయపడాలని తర్వాత తెలిసింది.

నీడలో కూర్చోబెట్టి, బూట్లు విప్పి, మెడ, చంకలు తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ, గుక్కగుక్కగా నీళ్లు తాగిస్తే అరగంటకు తేరుకుంది. పిల్లలకు పెద్దవాళ్లకంటే చెమట తక్కువ పడుతుంది, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. అందుకే వేడి త్వరగా ఎక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరి, మాట తికమకగా ఉంటే ఇంక ఆస్పత్రికే పరుగెత్తాలి. చంటిపిల్లల బండి మీద ఎండ తగలకుండా దుప్పటి కప్పినవాళ్లనూ చూశాను. గాలాడక లోపల ఇంకా ఉడుకుతుందండీ.

ఇకపై మేము గేటు తీయగానే వెళ్లి, పన్నెండు నుంచి మూడు దాకా లోపలి షోలే చూస్తాం. పార్కుల వాళ్లు మాత్రం క్యూ పొడవునా నీడ వల, మధ్యలో ఒక మంచినీళ్ల కుళాయి పెట్టించాలి. మేం తెచ్చుకున్న నీళ్ల సీసాలను గేటు దగ్గర ఆపకుంటే చాలు.

- ఇద్దరు పిల్లల తల్లి