డిస్కుల సంగతి: ఆలస్యం ఎందుకైంది, ఇక మీదట మా షెడ్డులో ఏం బిగిస్తాం

ఏళ్లుగా తిరుపతిలోని మన కార్ల షెడ్డుకు బండ్లు తెస్తున్న అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్కారం.

ముందు చక్రాల బ్రేక్ డిస్కులు మార్చడానికి బండి బుక్ చేసుకున్న చాలామందికి ఈ మధ్య "ఇంకొంచెం ఆగండి" అని చెప్పాల్సి వచ్చింది. కొందరు ఆగారు. కొందరు వేరే చోటికి వెళ్లి బిగించుకున్నారు. బండి లేకపోతే మీకు రోజు గడవదు, వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ "ఆయనకు డబ్బులు ఇరుక్కున్నాయంట, స్పేర్లు తెప్పించలేకపోతున్నాడు" అని ఎవరో ఒక వాట్సాప్ గ్రూపులో రాశారు. అది తిరిగి తిరిగి నా ఫోనుకే వచ్చింది. డబ్బులు ఇరుక్కోలేదు. సరుకూ వచ్చింది. వచ్చిన సరుకును వెనక్కి పంపింది నేనే. ఎందుకు పంపానో మీకు నేరుగా చెప్పాలని రాస్తున్నాను.

మనకు డిస్కులు చెన్నై నుంచి వస్తాయి. అక్కడ ఒక హోల్‌సేల్ డీలర్ దగ్గర చాలా కాలంగా కొంటున్నాను. పేరు రాయను. ఈసారి లాట్‌లో పెట్టెలు ఎప్పటిలాగే ఉన్నాయి, లేబుళ్లూ అవే. డిస్కును చేతిలోకి తీసుకుని అంచు వైపు నుంచి చూస్తే మాత్రం తేడా కనిపించింది. వెంటిలేటెడ్ డిస్కు అంటే రెండు ఇనుప పళ్లేలు, మధ్యలో గాలి పోయే సందులు. ఆ రెండు పళ్లేలూ ఒకే మందంలో ఉండాలి. వీటిలో ఒక వైపు పలచగా, ఒక వైపు మందంగా ఉంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు పక్కకు జరిగితే ఇలా అవుతుంది. పలచటి వైపు తొందరగా వేడెక్కుతుంది, మందమైన వైపు ఆలస్యంగా వేడెక్కుతుంది. దాంతో వేడి మీద డిస్కు ఒక పక్కకు వాలుతుంది.

అయినా కంటితో చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. లిఫ్ట్ మీదున్న పోలో జీటీకి హబ్ (డిస్కూ చక్రమూ బిగించే భాగం) మీద తుప్పు గీకి శుభ్రం చేసి, మొదట హబ్‌కే డయల్ గేజ్ (ఎంత ఊగుతోందో ముల్లుతో చూపే సాధనం) పెట్టి చూశాం. హబ్ బాగుంది. డిస్కు పెట్టి, చక్రం బోల్టులు వాషర్లతో సమంగా బిగించి తిప్పితే ముల్లు 0.12 మిల్లీమీటర్ల దాకా ఊగింది. బండి మీద బిగించాక మామూలుగా 0.05 లోపల ఉండాలి. డిస్కును హబ్ మీద వేరే బోల్టు రంధ్రానికి మార్చి పెట్టినా అదే కథ. మైక్రోమీటర్‌తో చుట్టూ మందం కొలిస్తే ఒక చోటికీ ఇంకో చోటికీ 0.03 తేడా. ఇది వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు, కానీ బ్రేక్ కొట్టినప్పుడు స్టీరింగ్ అదరడానికి అంత చాలు. అదే లాట్‌లో మిగతావి తీసి చూశాం. అన్నీ అటూ ఇటుగా అలాగే ఉన్నాయి.

ఇక్కడ మీరు ఒక విషయం తెలుసుకోవాలి. మందంలో తేడా లేకుండా డిస్కు కొంచెం ఊగుతుంటే మాత్రం బిగించిన రోజు మీకేమీ తెలియదు. బండి బ్రహ్మాండంగా ఆగుతుంది. మీరు బ్రేక్ మీద కాలు పెట్టకుండా హైవే మీద పోతున్నప్పుడు, ఆ ఊగే చోటు తిరిగిన ప్రతిసారీ బ్రేక్ ప్యాడ్‌ను (డిస్కును నొక్కి బండిని ఆపే దిమ్మను) తాకుతూ అరుగుతుంది. అరిగి అరిగి కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత డిస్కు మందం ఒక్కో చోట ఒక్కోలా తయారవుతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. అప్పటికి నెలలు గడిచి ఉంటాయి. మీరు "డిస్కు వంగిపోయింది" అంటారు, షాపువాడు "నీళ్లలో పోనిచ్చారా సార్?" అంటాడు, డీలర్ పేరు ఎవరి నోటా రాదు. ఇలాంటి సరుకు మార్కెట్లో నిలబడేది లోపం ఇంత ఆలస్యంగా బయటపడటం వల్లనే.

డీలర్‌కు ఫోన్ చేసి కొలతలు చెప్పాను, ఫొటోలు పంపాను. ఆయన ఇచ్చిన సమాధానం ఇది: "ఎవరూ కొలవరు సార్, మీరొక్కరే కొలుస్తున్నారు. బిగించేయండి. కంప్లయింట్ వస్తే ఒకసారి లేత్ పట్టించి ఇవ్వండి, అయిపోతుంది." ఇన్నేళ్ల లావాదేవీ తర్వాత ఆ మాట వినడం నాకు చాలా కష్టమనిపించింది. సరుకు చెడ్డదని చెబితే సరుకు గురించి మాట్లాడాలి గదా, కొలిచిన వాణ్ని తప్పు పడితే ఎలా? కొత్త డిస్కును లేత్ పట్టించడమంటే డబ్బు పెట్టి కొన్న ఇనుమును మొదటి రోజే అరగదీయడం. 22 మిల్లీమీటర్ల మందంతో వచ్చే డిస్కును సాధారణంగా 19, 20 దగ్గరకు వచ్చేసరికి పారేయాలి. ఆ కనిష్ఠ కొలత డిస్కు అంచు మీదో, మధ్య టోపీ మీదో అక్షరాలుగా ఉంటుంది, ఈసారి వచ్చినప్పుడు అడగండి, చూపిస్తాను. వాడుకోవడానికి మీకు ఉన్నదే రెండు, మూడు మిల్లీమీటర్లు. అందులోంచి నేను ముందే కోసేస్తే మీకు అమ్మిందేంటి?

సరుకు వెనక్కి పంపాను. డబ్బు వెంటనే రాలేదు, దాని కోసం చాలాసార్లు మాట్లాడాల్సి వచ్చింది. చివరికి ఆయన ఒక బేరం పెట్టాడు. నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది ఆ బేరమే.

"ప్లెయిన్ డిస్కులు ఇప్పుడు లేవు. అదే రేటుకు డ్రిల్డ్, స్లాటెడ్ సెట్లు ఇస్తాను" అన్నాడు. అంటే చిల్లులు, గీతలు ఉన్న డిస్కులు. అవి మామూలుగా ఎక్కువ రేటు. పోలో జీటీ, స్విఫ్ట్ స్పోర్టీగా చేయించుకున్న వాళ్లు, ఐ20 ఎన్ లైన్ వాళ్లు ఎన్నాళ్లుగానో వాటినే అడుగుతున్నారు. అల్లాయ్ వీల్ సందుల్లోంచి చూడ్డానికి బాగుంటాయి, కాదనను. తీసుకుంటే నా డబ్బు వసూలవుతుంది, ఆగిన బండ్లన్నీ కదులుతాయి, అడిగిన వాళ్లు సంతోషపడతారు. మా షెడ్డు పిల్లలు కూడా "తెప్పిద్దాం అన్నా, వాళ్లే కదా అడుగుతున్నారు" అన్నారు.

వారం వారం బెంగళూరు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా వచ్చే ఒక కస్టమర్ నాతో కూర్చుని చాలాసేపు వాదించాడు. చదువుకున్న మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, పెద్ద పెద్ద స్పోర్ట్స్ కార్లు ఫ్యాక్టరీలోనే చిల్లుల డిస్కులతో వస్తాయి కదా, అవి చెడ్డవైతే వాళ్లెందుకు పెడతారు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆ కార్ల డిస్కులు మన బండ్ల డిస్కుల కంటే చాలా పెద్దవి, మందమైనవి. చిల్లులకు పోయింది పోగా కూడా వేడిని దాచుకునేంత ఇనుము మిగులుతుంది. చిల్లు ఎక్కడ రావాలి, దాని అంచు ఎంత వాలుగా ఉండాలి అన్నది డిస్కుతో పాటే లెక్క కట్టి చేస్తారు. మనకు మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు మామూలు డిస్కు తీసుకుని దానికి డ్రిల్లు వేసినవి. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఆ చిల్లుల అంచుల నుంచే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. పాతకాలం ప్యాడ్ల నుంచి వేడికి గ్యాస్ వచ్చి ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య నిలిచేది, దానికి దారి ఇవ్వడానికి చిల్లులు పనికొచ్చేవి. ఇప్పటి ప్యాడ్లకు ఆ బాధ చాలా తక్కువ.

ఊరు వేరేదైతే నేను ఒప్పుకునేవాణ్నేమో. మనది తిరుపతి. మన బండ్లు కొండెక్కి దిగాలి. దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీద. దాదాపు 19 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు. తిరుమలకూ ఊరికీ ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. ఒక లెక్క చెబుతాను. నలుగురు కూర్చున్న బండి 1,400 కిలోలు అనుకోండి. అంత ఎత్తు నుంచి దిగేలోపు ఆ బండి వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 96 లక్షల జౌళ్లు. అదే బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే వేడిగా మారేది సుమారు 5.4 లక్షల జౌళ్లు. అంటే ఒక్క కొండ దిగుడు, 100 నుంచి సున్నాకు దాదాపు పద్దెనిమిది సార్లు ఆపినంత. గాలి, టైర్లు, ఇంజను కొంత పంచుకుంటాయి. న్యూట్రల్‌లో దిగితే ఇంజను వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది, అందులో ఎక్కువ భాగం ముందు డిస్కులకే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానేయండి. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో, మూడో గేరో పెట్టుకుని దిగండి.

అంత వేడిని దాచుకోవాల్సింది ఇనుమే. ఆ ఇనుమునే చిల్లులు పెట్టి తీసేసిన డిస్కును, వెనక సీట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు కూర్చుని దర్శనం చేసుకుని వచ్చే బండికి నా చేత్తో బిగించలేను. బేరం వద్దన్నాను. బెంగళూరు కస్టమర్‌కు అదే చెప్పాను. ఆయన వేరే చోట బిగించుకున్నాడని తెలిసింది. బాధ కలిగింది. అయినా నా మాట మారదు. అలాంటి చిల్లుల డిస్కులు మీరే ఆన్‌లైన్లో కొని తెచ్చి "లేబర్ మాత్రం తీసుకోండి" అన్నా సమాధానం ఇదే.

గీతలు మాత్రమే ఉన్న స్లాటెడ్ డిస్కుల సంగతి వేరు. వాటిలో ఇనుము పెద్దగా పోదు, పగుళ్ల భయం తక్కువ. కానీ ప్యాడ్లను తొందరగా తింటాయి, బ్రేక్ కొట్టినప్పుడు ఒక రకమైన హోరు వస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లి నడిపేవాళ్లు అడిగితే, దానికి తగిన ప్యాడ్లతో కలిపి బిగిస్తాను. ఆఫీసుకూ, కొండకూ, కాణిపాకానికీ తిరిగే బండికి వాటి అవసరం లేదు. పెద్ద డిస్కుల కిట్లు కూడా అడుగుతున్నారు. వెనక డ్రమ్ములున్న బండికి ముందు మాత్రమే పెద్దవి పెడితే ముందూ వెనకల బ్యాలెన్స్ మారిపోతుంది. అది నేను చేయను.

మరి ఏం బిగిస్తాను? చిల్లులూ గీతలూ లేని వెంటిలేటెడ్ డిస్కు, దొరికినంతవరకు హై కార్బన్ పోతది. కార్బన్ ఎక్కువున్న పోత ఇనుము వేడిని తొందరగా పంచుతుంది, అదురును తనలోనే అణిచేస్తుంది, కీచు శబ్దమూ తక్కువ. టోపీ మీదా అంచుల మీదా తుప్పు పట్టని పూత ఉన్నవే తీసుకుంటున్నాను. వాటి కోసం వేరే డీలర్‌ను మాట్లాడుకున్నాను. ఆయన జీఎస్టీ బిల్లుతోనే ఇస్తాడు, కొలత తప్పితే వెనక్కి తీసుకుంటానని రాసిచ్చాడు. రేటు పెరిగింది, జతకు సుమారు పదిహేను వందలు ఎక్కువ పడుతుంది. ఆ పెరిగిన దాని మీద నేను ఒక్క రూపాయి కూడా వేసుకోవడం లేదు. డీలర్ బిల్లు మీరు అడిగితే చూపిస్తాను. లేబర్ పాతదే.

కొలత ఇక మీ ముందే. డయల్ గేజ్ ముల్లు ఎంత ఊగిందో, మైక్రోమీటర్ ఎంత చూపిందో జాబ్ కార్డు మీద రాసి ఇస్తాం. డిస్కులు ఎప్పుడూ జతగానే మారుస్తాం, ప్యాడ్లు కొత్తవే వేస్తాం. పాత ప్యాడ్లు బాగున్నాయి, వాటితోనే సర్దేయమని అడగొద్దు. చక్రం బోల్టులు గన్‌తో కొట్టి వదిలేయం, టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగించామో చూపే పానాతో) బిగిస్తాం. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్చుకోండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఘాట్‌లో పెడల్ మెత్తగా లోపలికి పోతోందని కొందరు చెప్పే కంప్లయింట్ చాలాసార్లు ఆయిల్ ఇలా మరగడం వల్లే.

మేం బిగించిన డిస్కుతో 10,000 కిలోమీటర్ల లోపల స్టీరింగ్ అదిరితే బండి తీసుకురండి. కొలిచి చూస్తాం, డిస్కులో తేడా ఉంటే డబ్బు తీసుకోకుండా మారుస్తాం. డీలర్‌తో తేల్చుకోవడం నా పని, దానికోసం మీరు ఆగక్కర్లేదు.

ఆగినవాళ్ల సరుకు వస్తోంది, బుక్ చేసుకున్న వరుసలోనే ఫోన్లు చేస్తాం. బిగించాక ఒక్క మాట పాటించండి. కొత్త డిస్కులతో ఆ రోజే కొండెక్కొద్దు. ట్రాఫిక్ తగ్గాక రేణిగుంట వైపు ఖాళీ రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి 20 దాకా మెల్లగా, పూర్తిగా ఆపకుండా పది పన్నెండు సార్లు బ్రేక్ వేసి, తర్వాత కాసేపు బ్రేక్ తాకకుండా నడిపి చల్లారనివ్వండి. వీలు కాని వాళ్లు చెబితే మా అబ్బాయే పక్కన కూర్చుని చేయిస్తాడు, దానికి డబ్బు లేదు.