విరిగిన దండేల గురించి మా కొనుగోలుదారులకు

హనుమకొండలోని మా దుకాణంలో తెల్ల పైపుతో చేసిన బట్టల దండెం కొన్న వారందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం మేము ఇచ్చిన 64 దండేలలో 11 విరిగిపోయాయి. ఇంకొన్ని విరగకపోయినా వాటి పై పైపు నడుము వంగిపోయింది. ఒకరిద్దరు ఫోన్ చేసి కోపగించుకున్నారు, చాలామంది మొహమాటపడి ఊరుకున్నారు. ఊరుకున్నవారి కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

ముందుగా విరిగిన వాటి సంగతి. మేము మొదటి నుంచీ వాడుతున్నది నీళ్ల లైన్లకు వాడే 32 మిల్లీమీటర్ల పీవీసీ పైపు. దాన్ని వరంగల్‌లోని ఒకే హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పదకొండేళ్లుగా కొంటున్నాను. దండేలు చేయకముందు నేను ప్లంబింగ్ పని చేసేవాణ్ని. అందువల్ల పైపు చేతికి తీసుకుంటే బరువును బట్టి అది మంచిదో కాదో చెప్పగలనని ఒక ధీమా ఉండేది. మార్చిలో వచ్చిన సరుకు చేతికి మునుపటికన్నా బరువుగానే తగిలింది, మంచి పైపే పంపాడని సంతోషించాను కూడా. నా చేయి మోసపోయింది అక్కడే. ఖర్చు తగ్గించుకోవడానికి పైపులో సుద్దపొడి, అంటే కాల్షియం కార్బోనేట్, మోతాదుకు మించి కలిపితే బరువు తగ్గదు, పెరుగుతుంది. సుద్ద పీవీసీ కంటే దాదాపు రెట్టింపు సాంద్రత గలది మరి. తగ్గేది సాగే గుణం. మంచి పైపును వైసులో, అంటే వస్తువును గట్టిగా పట్టి నొక్కే పనిముట్టులో, బిగించి నొక్కితే చదునవుతుంది గానీ చీలదు. ఈ పైపు సగం కూడా నొక్కకముందే పెంకులా పగిలింది. అయితే ఆ పరీక్ష నేను దండేలు విరిగిన తరువాత చేశాను.

నిజానికి అంతకుముందే నాకొక సూచన అందింది. మంచి పైపును హ్యాక్సాతో కోస్తే పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. ఈ పైపు కోసినప్పుడు బడిలో బోర్డు తుడిచినట్లు తెల్లని పొడి రాలి నా చెప్పుల మీద పడింది. దులుపుకొని మళ్లీ కోశాను. పైపు పొడవునా ఉండవలసిన అచ్చు, అంటే తయారీదారు పేరు, సైజు, పీడన తరగతి, ఐఎస్ 4985 అనే ప్రమాణం సంఖ్య, సగం పైపుల మీద లేనే లేదు. అదీ చూశాను. పదకొండేళ్ల పరిచయం ఉన్న మనిషిని అచ్చు ఎక్కడని అడగడం అవమానించినట్లు ఉంటుందనుకున్నాను. ఆ మర్యాద ఖరీదు మీరు చెల్లించారు, అందుకు క్షమించండి.

విరిగిన ముక్కలు సంచిలో వేసుకొని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన వాటి వైపు చూడనైనా చూడకుండా, "నీళ్లకిచ్చిన పైపు మీద బట్టలు ఆరేస్తే నేనేం జెయ్యాలె అన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడడం లేదు. అందులో కొంత నిజం ఉంది కనుకనే ఎక్కువ మండింది. ఆ పైపు ప్రమాణం నీటి పీడనం గురించి మాట్లాడుతుంది గానీ తడి దుప్పట్ల గురించి మాట్లాడదు. కానీ అచ్చులేని పైపును అచ్చున్న పైపు ధరకు అమ్మడం నీళ్లకైనా న్యాయం కాదు. పాత బాకీ తీర్చి, ఆ దుకాణం మెట్లు దిగాను. ఇక ఎక్కను.

వంగిన వాటి తప్పు మాత్రం పూర్తిగా నాది. అయిదడుగుల పై పైపుకు మధ్యలో కాలు లేకుండా చేయడం నా సొంత ఆలోచన. ఆ ఖాళీలో నుంచి చీర నేలకు తగలకుండా వేలాడుతుంటే చూడముచ్చటగా ఉంటుందని, వచ్చిన ప్రతివారికీ అదే చూపించి గొప్పలు చెప్పుకున్నాను. పీవీసీకి ఒక స్వభావం ఉంది. బరువు ఎక్కువసేపు మీద ఉంటే మెల్లగా సాగుతుంది, ఎండ తగిలితే ఆ సాగడం ఇంకా ఎక్కువవుతుంది, బరువు తీసినా పూర్తిగా వెనక్కి రాదు. ఏప్రిల్ ఎండలో డాబా మీద తడి జీన్సులు నాలుగు మధ్యలో వేస్తే ఏమవుతుందో ప్లంబరుగా నాకు తెలియాలి.

దీనికి చాలామంది లోపల ఇనుప చువ్వ దూర్చమని సలహా ఇచ్చారు. మా ఇంట్లోనూ అదే మాట. రెండు వారాలు దాని గురించే ఆలోచించాను, రెండు నమూనాలు చేసి వానలో పెట్టి చూశాను. చివర్ల నుంచి నీరు దిగి, అయిదో రోజుకల్లా మూడు పైపులు కలిసే టీ జాయింటు దగ్గర తుప్పు చార కనిపించింది. తెల్ల పంచె మీద ఆ మరక పడితే ఎవరు ఉతుకుతారు? ఇనుము పెట్టను. దాని బదులు, మనసుకు ఎంత కష్టంగా ఉన్నా, మధ్యలో కాలు పెడుతున్నాను. పైపు మీద అదే బరువు ఉండి, ఆధారాల మధ్య దూరం సగమైతే, వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందం పోయింది, నడుము నిలిచింది.

పైపు కూడా మార్చాను. ఇకపై వాడేది 1 అంగుళం షెడ్యూల్ 40 (గోడ మందాన్ని తెలిపే తరగతి) యూపీవీసీ, అంటే మెత్తబరిచే పదార్థం కలపని గట్టి పీవీసీ, బయటి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు, గోడ మందం 3.38. ఇది పాత 32 మిల్లీమీటర్ల ఎల్బోలలో, అంటే మూల జాయింట్లలో, టీ జాయింట్లలో పట్టదు. పాత పైపు కొత్త ఫిట్టింగులో పెడితే లొడలొడలాడుతుంది. అందుకే విరిగిన ముక్క ఒక్కటే మార్చి ఇవ్వలేకపోతున్నాను. దయచేసి దండెం మొత్తం తీసుకురండి, మొత్తం కొత్తది ఇస్తాను. మార్చి నుంచి జూన్ వరకు కొన్నవారు విరగకపోయినా, వంగకపోయినా తేవచ్చు. పైపు మీద అచ్చు ఉంటే మాత్రం ఉంచుకోండి, అది పాత మంచి సరుకు. రసీదు అడగను, నా పైపును నేను గుర్తుపట్టగలను. కొత్తగా కొనేవారికి ధర 300 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవారికి పెరగదు.

డాబా మీద పెట్టేవారు పైపుకు సన్న ఎమెరీ పేపరు రుద్ది లేత రంగు పెయింటు ఒక పూత వేయించండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తెల్ల పైపు పైపొర పొడిబారి, రానురాను పెళుసవుతుంది. కావాలంటే ఆ రంగు మా దుకాణంలో మేమే వేసి ఇస్తాము, దానికి డబ్బు తీసుకోము.

ఇంకొక్క విషయం. విరిగిన పదకొండింటిలో ఒకటి కొత్తవాడ జంపఖానా, అంటే వరంగల్‌లో నేసే మందపాటి నూలు పరుపు, తడిపి ఆరేసినందువల్ల విరిగింది. దాన్నీ మార్చి ఇచ్చాను, పైపు చెడ్డదే కనుక. కానీ మధ్య కాలు పెట్టినా, షెడ్యూల్ 40 వేసినా, తడి జంపఖానాను మాత్రం పిట్టగోడ మీదే ఆరేయండి.