పాపకు, మామిడికాయల పెట్టెతో పాటు

కావలి
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి పాపకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వెలా ఉన్నావో ఉన్నది ఉన్నట్టు రాయి.

శీనయ్య మామ రేపు పినాకిని రైల్లో మద్రాసు వస్తున్నాడు. మామిడికాయల పెట్టె ఎలాగూ పంపిస్తున్నాను, అందులోనే ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. ఫోన్ చేస్తే ‘బాగున్నానమ్మా, మీటింగ్ ఉంది, మళ్లీ చేస్తా’ అంటావు. మళ్లీ చెయ్యవు. ఉత్తరమైతే రాత్రి పడుకునే ముందు తీరిగ్గా చదువుకుంటావు.

ఇల్లంతా పిల్లలతో సందడిగా ఉంది. బడులకు 24న సెలవులిచ్చారు, ఆ సాయంత్రమే పెద్దోడు ఇద్దర్నీ తెచ్చి దిగబెట్టి వెళ్లాడు. అప్పట్నుంచి తెల్లారితే డాబా మీదే కాపురం. నేను సగ్గుబియ్యం కాచి వడియాలు పెడుతుంటే చింటూ గరిటె లాక్కుంటాడు. వాడు పెట్టినవి ఎండి లేవడానికి రెండు రోజులు పడుతోంది, అంత పెద్దవి పెడతాడు. ఊరమిరపకాయల కాపలా అమ్ములుది. గొడుగేసుకుని కూర్చుని కాకి వాలకముందే ‘హుష్’ అంటుంది. తొమ్మిదికల్లా ఇద్దర్నీ కిందికి తోలేస్తున్నాను. ఎండ అప్పుడే 40 దాటిపోయింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే గానీ ఊపిరాడదు. అక్కడ మీ హాస్టల్ గదిలో కిటికీ పడమటి వైపు కదా, మధ్యాహ్నం నుంచే కర్టెన్ వేసి ఉంచు. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు. పొట్లం పెట్టెలో ఒక మూలన ఉంది.

పిల్లలు రోజూ ‘అత్తకి వీడియో చేద్దాం’ అంటారు. చేస్తే నువ్వు కట్ చేసి మామూలు కాల్ చేస్తావు. నెట్ లేదంటావు. వేళచ్చేరిలో నెట్ లేకపోవడం ఏంటి పాపా? ఉగాదికి వచ్చి వెళ్లినప్పుడు చూసిన మొహమే, మళ్లీ చూడలేదు. పని ఎక్కువగా ఉందేమోలే.

ముంజల బండ్లు వచ్చేశాయి. ట్రంకు రోడ్డు మీద గెలలు పోసి కొడుతుంటే కొట్టినవి కొట్టినట్టే అయిపోతున్నాయి. చింటూకి బొటనవేలితో తినడం మీ నాన్న నేర్పాడు. నీళ్లన్నీ చొక్కా మీదే. ఆ మరకలు పోవని తెలిసి కూడా తెల్లచొక్కా వేసి తీసుకెళ్తాడు ఆయన. చేపల పులుసు మాత్రం ఈ రెండు నెలలూ లేనట్టే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, జువ్వలదిన్నెలో బోట్లు కట్టేశారు. చెరువు చేప తెచ్చి పుల్లమామిడి వేసి పెడితే మీ నాన్న ఒక ముక్క తిని లేచాడు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం, ఇప్పుడు వదిలేస్తేనే తర్వాత వలలో పడతాయని చింటూకి చెప్పాను. ‘అయితే చేపలకి కూడా సెలవులేనా నాయనమ్మా’ అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను.

ఆవకాయ పెట్టేశాను. మన చెట్లకు ఈసారి పూత నిలవలేదు. మీ నాన్న, శీనయ్య మామ ఉలవపాడు వెళ్లి తోటలోనే కోయించి తెచ్చారు. దోటితో రాల్చినవి కాదు, చిక్కంతో కోసినవి, ఒక్క కాయకీ దెబ్బ లేదు. ముక్కలు టెంకతో సహా కొట్టించాం. తుడిచే దగ్గర సుజాత పిన్ని వచ్చి కూర్చుంది. అప్పుడొక మాట అంది. అది తర్వాత రాస్తాను. నువ్వెప్పుడైనా సొంతంగా పెట్టుకుంటే కొలత గుర్తుంచుకో: ఆరు గిన్నెల ముక్కలకు కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, గుప్పెడు మెంతులు. నువ్వుల నూనె ముక్కలపైకి తేలేదాకా పొయ్యాలి. ఉప్పు ఇసకపల్లి కొఠార్లదే తెప్పించాను, కల్లుప్పు ఎండబెట్టి దంచితేనే నిలవ ఉంటుంది. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూశాను. సరిపోయింది. తడి గరిటె మాత్రం పెట్టకు, నీ రూమ్మేట్‌కి కూడా చెప్పు.

ఆ హడావిడిలోనే అమ్ములు కొత్త గాజు సీసా పగలగొట్టింది. పగలగొట్టి చెప్పలేదు. పెంకులన్నీ ఏరి చాపలో చుట్టి మంచం కింద పెట్టింది. రాత్రి చాప లాగితే మీ నాన్న కాల్లో గుచ్చుకుంది. నేను కేకలెయ్యలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని ‘సీసా పోతే ఇంకోటి కొంటాం, అప్పుడే చెప్పుంటే ఊడ్చేవాళ్లం కదమ్మా’ అన్నాను. పాపం, అరగంట నా కొంగు వదల్లేదు. ఆరేళ్ల పిల్ల భయపడి దాచిందంటే అర్థముంది. పెద్దయ్యాక కూడా దాస్తే ఏమనుకోవాలి?

రాత్రిళ్లు డాబా మీద నీళ్లు చల్లి పడకలు వేస్తున్నాం. మీ నాయనమ్మ పిల్లలకి కథలు చెప్తోంది. మొన్న మీ నాన్న చెయ్యి కథ చెప్పింది. నీకు సగమే తెలుసు, మొత్తం రాస్తాను.

అప్పుడు మీ నాన్నకి పన్నెండేళ్లు. ఎండాకాలం సెలవులకు ఉలవపాడులో వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే ఈయనా శీనయ్య మామా తోటలోకి జారుకున్నారు. కాపలా తాత నులకమంచం మీద నిద్రపోతున్నాడు. చిటారుకొమ్మన చిలక కొట్టిన కాయ కనపడింది. దోటి తెస్తే చప్పుడవుతుందని చెట్టెక్కాడు. కాయ చేతికి అందింది, కొమ్మ విరిగింది. కుడి మోచెయ్యి నేలకు కొట్టుకుని పడ్డాడు. ఏడవలేదంట. మర్నాడు పక్క ఊళ్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఉంది. చెయ్యి సంగతి తెలిస్తే పంపించరు. అందుకని శీనయ్య మామ చేత ఒట్టు పెట్టించుకుని, చెయ్యి తువ్వాలు కింద దాచుకుని ఇంటికొచ్చాడు.

ఆ రాత్రి కడుపునొప్పని అన్నం మానేశాడు. వాళ్ల అమ్మమ్మ వాము నమిలించింది. పొద్దున్నే పోటీకి వెళ్లాడు. జనంలో ఎవరిదో భుజం మోచేతికి తగిలి కళ్లు తిరిగాయంట, అయినా కదల్లేదు. ఏ జత ఎన్ని అడుగులు లాగిందో ఇప్పటికీ చెప్తాడు. ఆ రాత్రి ఇంట్లో ముద్దపప్పు, కొత్తావకాయ. రెండు పూటలు తినని పిల్లాడు, ఆ వాసనకి ఆగలేక పళ్లెం ముందు కూర్చున్నాడు. కుడి చెయ్యి లేవదు. ఎడమచేత్తో తింటే వాళ్ల తాత ఊరుకోడు. మెల్లిగా లేచి ఊరగాయ జాడీలోని ఉదయగిరి చెక్క స్పూను కడుక్కొచ్చుకుని దాంతో తినబోయాడు. ఆ ఇంట్లో స్పూనుతో అన్నం తిన్నవాడు అంతకుముందు లేడు. ‘ఏందిరా ఇది, చేతికేమైంది?’ అని వాళ్ల అమ్మమ్మ తువ్వాలు లాగింది. మోచెయ్యి సొరకాయలా వాచి ఉంది.

నెల్లూరు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిద్దామని మీ తాత అన్నాడంట. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఊళ్లో కట్టు కట్టే ఆయన గుడ్డుసొన పట్టించి వెదురుబద్దలు కట్టాడు. దాని మీదే నెల గడిచింది. అప్పుడు ఎముకల కట్టుకి పుత్తూరు తీసుకెళ్లారు గానీ అప్పటికే ఎముక వంకరగా అతుక్కుపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేడు. గుళ్లో దండం పెట్టేటప్పుడు ఈసారి చూడు, కుడి మోచెయ్యి ఎత్తుగా నిలబడుతుంది. చొక్కా ముందు ఆ చేతికే తొడుక్కుంటాడు.

కథంతా విని చింటూ ‘చెప్పుంటే కొట్టేవాళ్లా తాతమ్మా?’ అని అడిగాడు. ‘ఎందుకు కొడతాం నాయనా, అన్నం కలిపి ముద్దలు పెట్టేవాళ్లం’ అంది మీ నాయనమ్మ. మీ నాన్న ఏమీ మాట్లాడకుండా మంచినీళ్లకని కిందికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆయనకీ సుజాత పిన్ని మాట తెలుసు.

సుజాత పిన్ని ఏమందంటే, వాళ్లబ్బాయి వేళచ్చేరి స్టేషన్ దగ్గర నిన్ను చూశాడంట. చేతికి కట్టు, మెడకు పట్టీ. పిలిచేలోపే ఆటో ఎక్కి వెళ్లిపోయావంట. వాడు ఎడమ చెయ్యి అంటాడు, సుజాత కుడి చెయ్యి అని చెప్పింది. నువ్వేనో కాదో కూడా గట్టిగా చెప్పలేడు. ఆ పిల్లాడు ఊరికే చెప్పే రకం కాదు, అందుకే నా టెన్షన్.

నిజం కాకపోతే ఒక్క నిమిషం వీడియో చేసి రెండు చేతులూ చూపించు. నిజమైతే దాచకు తల్లీ. ఎక్స్‌రే ఎక్కడ తీశారు? ఎముక జరిగిందా, చీలిక మాత్రమేనా? పిండికట్టు వేశారా, ఎన్ని వారాలన్నారు? మామూలుగా ఆరు వారాలంటారు, తొందరపడి ముందే తీయించుకోకు. వేళ్లు గంటకోసారి ఆడిస్తూ ఉండు, లేకపోతే బిగుసుకుపోతాయి. పడుకున్నప్పుడు చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకో. ఈ చెమటకి లోపల దురద పుడుతుంది, స్కేలూ పెన్నూ దూర్చకు, పుండు పడుతుంది. స్నానానికి కవరు కట్టుకో. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఎక్కువైనా రేపు చూద్దాంలే అనుకోకు, అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లు. మీ నాయనమ్మ పుత్తూరు తీసుకెళ్దామంటోంది. నేను వద్దన్నాను. ఒక డాక్టరు చూస్తున్నప్పుడు ఆయన చెప్పిందే చెయ్యాలి.

జడ ఎవరేస్తున్నారు నీకు? బట్టలు ఎవరు ఉతుకుతున్నారు? ఇవి తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టట్లేదు.

రాగిపిండి రెండు కిలోలు పెట్టాను. మా అంగన్‌వాడీలో తల్లులకు రోజూ నేను చెప్పేదే నీకూ చెప్తున్నా. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అంతే పాలల్లో ఉన్నదానికి రెండింతలకన్నా ఎక్కువ. రాత్రి నీళ్లలో కలిపి ఉంచి పొద్దున కాచి, చల్లారాక మజ్జిగ పోసుకో. ఒంటిచేత్తో చేసుకోగలిగిన వంట అదే. పొద్దుటి ఎండలో కాసేపు నిలబడు. రోజూ ఒక గుడ్డు తిను. కాఫీలతో పొట్ట నింపుకోకు. బండి మీద నుంచి పడ్డావేమో అనుకుంటున్నాను, హెల్మెట్ పెట్టుకునే వెళ్లావా ఆ రోజు? పట్టీ బిగించుకున్నావా? పట్టీ పెట్టని హెల్మెట్ ఉన్నా లేనట్టే, ఎన్నిసార్లు చెప్పినా మీ ఆఫీసు పిల్లలంతా అద్దానికి తగిలించుకునే తిరుగుతారు. వాన పడ్డ రోజు మెల్లిగా పొమ్మని, ఫోన్ మాట్లాడుతూ నడపొద్దని... సరే, ఇప్పుడు అవన్నీ ఎందుకులే.

బండి కొనొద్దని నాన్న అప్పట్లో అన్నాడని, ఇప్పుడు చెబితే ‘నేను చెప్పలేదా’ అంటాడని దాస్తున్నావేమో. బండి ఊసు ఎత్తకూడదని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని కూడా ఎవరం అనం. నువ్వు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. కలుగోళమ్మకి మొక్కుకున్నాను, అది నేను తీర్చుకుంటాను, దానికి నువ్వు రావాలని కూడా లేదు.

శీనయ్య మామ బుధవారం మధ్యాహ్నం రైలుకే తిరిగి వస్తున్నాడు. నీకూ టికెట్ తీయమని డబ్బులిచ్చాను. పది రోజులు ఇంటి నుంచే పని చేస్తానని మీ మేనేజర్‌ని అడుగు, ఇక్కడ నెట్ పెద్దోడు కొత్తది పెట్టించాడు, బాగానే వస్తోంది. కుదరదంటే నేను వస్తాను. మా సెంటర్‌లో ఆయా ఉంది, లీవు దొరుకుతుంది. హాస్టల్లో ఉండనివ్వకపోతే పక్కన ఎక్కడైనా గది చూడు. వస్తున్నావా, నన్ను రమ్మంటావా, రెండింటిలో ఒకటి మంగళవారం రాత్రికల్లా చెప్పు. వద్దని మాత్రం చెప్పకు.

మామ ఒంటిగంట దాటాక సెంట్రల్‌లో దిగుతాడు. మీ వాచ్‌మన్‌ని పిలిచి పెట్టె పైకి మోయించు, నువ్వు చెయ్యి పెట్టొద్దు. మామకి భోజనం చెప్పి ఉంచు, బయట నూనె తిండి తింటే ఆయనకి పడదు. పై పొరలో ఊరమిరపకాయలు, వడియాలు ఉన్నాయి, చూసిన వెంటనే తీసి డబ్బాలో పొయ్యి. కింద గడ్డిలో ఉన్నవి బంగినపల్లి కాయలు, మందు వెయ్యనివి. గడ్డిలోనే ఉంచితే నాలుగైదు రోజులకి మగ్గుతాయి. తినేముందు అరగంట నీళ్లలో వెయ్యి. ఒంటిచేత్తో కత్తి పట్టుకోకు, రూమ్మేట్‌ని కోసి పెట్టమను, ఆ అమ్మాయికీ నాలుగు కాయలు ఇవ్వు. ఆవకాయ సీసా పాత గుడ్డలో చుట్టి ఉంది, మూత బిగుతుగా ఉంటుంది, మామ చేత తీయించుకో.

ఇట్లు
అమ్మ