జిగురు మందు ఎంత కలపాలో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో ఉల్లి తెగుళ్ల మీద ఇచ్చిన సలహా చదివాను. మందుల పేర్లు, మోతాదులు వివరంగా రాశారు. చివర మాత్రం 'తగినంత జిగురు మందు కలుపుకోవాలి' అని వదిలేశారు. మందు నీళ్లు కాడకు అంటుకుని పరుచుకోవడానికి కలిపేదే ఈ జిగురు మందు. ఆ తగినంత ఎంతో తెలియకనే పోయిన ఖరీఫ్‌లో మా రెండెకరాల ఉల్లి దెబ్బతింది.

ఉల్లి కాడను దగ్గరగా చూడండి. పైన బూడిద అద్దినట్టు సన్నటి మైనం పూత ఉంటుంది. ఉత్త నీళ్ల చుక్క వేస్తే ముత్యంలా గుండ్రంగా నిలబడి, కాడ కదిలితే చాలు, జారిపోతుంది. ఆ పూతను వేలితో తుడిచి అక్కడే ఇంకో చుక్క వేస్తే కాస్త పరుచుకుంటుంది. కాడ నిలువుగా ఉంటుంది కాబట్టి మందు నిలవడం మరీ కష్టం. రసం పీల్చే తామర పురుగులేమో కాడల మొదట్లో, మొవ్వులో దాక్కుంటాయి. అక్కడిదాకా తడి పాకాలి.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. నీటి తలతన్యత, అంటే చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే బలం, 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. జిగురు మందు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండోది మైనాన్ని. అది కలిస్తే తలతన్యత 30 దాకా తగ్గుతుంది, సిలికాన్ రకమైతే 20-22కు పడిపోతుంది. గుండ్రటి చుక్క పలచబడి పరుచుకునేది అందుకే. కానీ దీనికో హద్దుంది. అది దాటాక ఎంత పోసినా తలతన్యత ఇంకేమీ తగ్గదు. కాడ మీద ఉండాల్సిన మందు కూడా కారి నేలపాలవుతుంది.

మాకు జరిగింది అదే. మా ఆయన ట్యాంకు మోస్తారు, మందు కలిపేది నేను. 'మూడు మూతలు పోయమ్మా, ఎక్కువైనా ఏం కాదు' అన్నారు షాపులో. నమ్మాను. మందు కొట్టిన సాయంత్రం చూస్తే సాళ్లలో మట్టి తడిగా ఉంది, కాడలు ఆరిపోయి ఉన్నాయి. వారానికి ఊదా మచ్చల తెగులు ఇంకా పెరిగింది. అప్పుడు సీసా మీది చిన్న ఇంగ్లీషు అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. సిలికాన్ రకం, 16 లీటర్ల ట్యాంకుకు 5 మి.లీ. అని ఉంది. మూడు మూతలు కొలిస్తే 30 మి.లీ.!

తర్వాత ఇంట్లోనే లీటరు నీళ్లలో సిరంజితో పావు మి.లీ. చొప్పున పెంచుతూ కాడను ముంచి తీసి చూశాను. అర మి.లీ. దగ్గరే తడి సమంగా పట్టింది. ఆపైన పోసిందంతా కాడ కొస నుంచి బొట్లు బొట్లుగా కారింది.

మా ఊళ్లో చాలామంది బట్టల సబ్బు పొడి గుప్పెడు వేస్తారు. అందులో సోడా ఉంటుంది. మలాథియాన్ లాంటి మందులు సోడా నీళ్లలో విరిగిపోయి పని చేయవు. గుప్పెడు వేస్తే లేత కాడల కొసలు మాడడం కూడా కళ్లారా చూశాను.

కంపెనీలు సీసా మీద రకాన్ని, ట్యాంకు కొలతను తెలుగులో పెద్ద అక్షరాల్లో వేయాలి. మీరు కూడా మందు మోతాదు ఇచ్చే ప్రతిచోటా జిగురు మందు ఏ రకమో, లీటరుకు ఎన్ని మి.లీ. వేయాలో అచ్చువేయండి. వచ్చే నెల మా దగ్గర నాట్లు మొదలవుతాయి. దయచేసి ఈలోపే వేయండి.

ఇట్లు,
ఒక ఉల్లి రైతు,
కోడుమూరు మండలం, కర్నూలు జిల్లా