పొట్లపాదుకి పెళ్ళి చేశాన్రా

నెల్లూరు,
ఆదివారం, మధ్యాహ్నం

ఒరే పెంచలా,

ముందు తిట్టడం కానిచ్చెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. బీరువా మీద కనపడేటట్టు పెట్టుకుని రోజూ దాన్ని చూసి సిగ్గుపడతానే ఉండా. ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు నీ నంబరు నొక్కి మళ్ళీ ఆపేశా. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నువ్వు మధ్యలో నవ్వి చెడగొడతావు.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాళ్ళు అట్టానే ఉండాయి. పెద్దోడు చెన్నైలోనే, నెలకోసారి వస్తాడు, వచ్చి నిద్రపోతాడు. మీ చెల్లెలు నిన్ను అడిగినట్టు రాయమంది, రాశా. నా షుగరు సంగతి అడగొద్దు. ఇంతే మామూలు సంగతులు.

ఇప్పుడు అసలు కథ. నేను పొట్లపాదుకి పెళ్ళి చేశాన్రా. రాత్రిపూట. ముహూర్తం ఎనిమిదీ ఇరవై. సాక్షి ఎవరో తెలిస్తే నువ్వు కుర్చీలోంచి పడతావు, అందుకని ఆ పేరు ఇప్పుడే చెప్పను.

మా ఇంటెనక ఆరంకణాల జాగా ఉండాది కదా, పాత మంచం కోళ్ళూ పెంకులూ పడేసి ఉండేది. పోయిన సంవత్సరం దసరా సెలవుల్లో అదంతా ఎత్తిపోయించి మళ్ళు కట్టా. నాకేం తెలుసు, మన నెల్లూరుకి అసలు వాన అప్పుడే మొదలవుతుందని మర్చిపొయ్యా. పైనంతా వానలు సద్దుమణిగాక మనకి మొదలు కదా, తుఫాన్లతో కలిపి. తోటకూర, మెంతికూర చల్లితే మొలకలు లేచిన నాలుగోరోజు ముసురు పట్టింది. వారం పట్టింది. కుళ్ళి నేలకి అతుక్కుపొయ్యాయి. మళ్ళీ చల్లా, మళ్ళీ అంతే. "నువ్వు కూర పండిస్తా ఉండావా, వరి మడి తొక్కతా ఉండావా?" అని అమ్మ.

చలికాలం మాత్రం మర్యాద దక్కింది. గోడ వారన ఆషాఢంలోనే అమ్మ గుచ్చిన చిక్కుడు గింజలు ఆరు నెలలు ఉత్త ఆకే వేసి నన్ను ఏడిపించి, సంక్రాంతి ముందు చలి తగిలేసరికి గెలలు గెలలుగా పూసింది. చిక్కుడంతే, పగలు కురచయితే గానీ పూత పట్టదంట. పండక్కి వీధంతా పంచాం. పేనుబంక వస్తే పళ్ళుతోమే పాత బ్రష్షుతో రుద్దా, నమ్ముతావా? ఎండాకాలం అడగొద్దు. టమాటా పూత పూసినట్టే పూసి రాలింది, ఒక్క పిందె నిలవలేదు. రోహిణీకార్తెలో గోంగూర ఒక్కటే తల ఎత్తుకుని నిలబడింది. నేను కూడా నిలబడలేదు, రోజూ సాయంత్రం పది బిందెలు మోసి నడుం పట్టేసింది. బోరు నీళ్ళల్లో ఉప్పు, అందుకని బియ్యం కడిగిన నీళ్ళు కూడా వదల్లేదు. మీ చెల్లెలు దబర పట్టుకుని వంటింట్లోంచి "ఇదిగో నీ తీర్థం" అని కేకేసేది.

సరే, పొట్ల. ఆషాఢంలో నాలుగు గింజలు రాత్రంతా నానేసి పెట్టా, మూడు మొలిచాయి. పందిరికి సర్వీ కర్రలు, కొబ్బరితాడు, అన్నీ నేనే. శ్రావణం వెళ్ళేటప్పటికి పందిరి కప్పేసింది. పూత! ఎంత పూత అనుకున్నావు! ఒక్క కాయ లేదు. పిందె కనపడతాది, నాలుగోరోజుకి పసుప్పచ్చగా అయ్యి రాలిపోతాది. రొట్టెల పండగ అప్పటికే అయిపోయింది గానీ లేకుంటే స్వర్ణాల చెరువులో దిగి నా పాదుకి సంతానం రొట్టె పట్టుకోనుండేవాణ్ణి.

కోవూరు నించి తట్ట నెత్తిన పెట్టుకుని కూరగాయలు తెచ్చే అక్క ఉండాది, ఆమె చెప్పింది కిటుకు. "ఏం కొడతా ఉండావయ్యా దానికి?" అంది. ఎర్ర పెంకు పురుగులు ఆకు తింటా ఉంటే వేపనూనె కొడతా ఉండా, లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి. "ఎప్పుడు?" "సందకాడ." ఎండలో కొడితే ఆకు మాడుతుందని సాయంత్రమే కొట్టాలని ఎవరో చెప్తే విన్నా. ఆమె తట్ట దించి నన్ను చూసిన చూపు! "నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. పొట్ల పూసేదే చీకటి పడ్డాక. రాత్రి తిరిగే రెక్కల పురుగులొచ్చి వాలితేనే కాయ. పూత విచ్చే వేళకి నువ్వు కంపు కొడితే అదెట్టా వస్తాది?"

మందు ఆపేశా. అయినా పురుగులు రాలేదు, అలిగినట్టుండాయి. అప్పుడిక నేనే పురుగు అవతారం ఎత్తాలని నిర్ణయించా.

ఆ పువ్వు నువ్వు చూశావో లేదో, చెప్తా. పగలంతా ఏముండదు, బియ్యపుగింజ మాదిరి ఆకుపచ్చ మొగ్గ. పొద్దుగూకాక ఐదు తెల్ల రేకులు. ఒక్కో రేకు అంచునా దారప్పోగులు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, అవి మెల్లిగా విడివడి ఉడికిన సేమియా మాదిరి వేలాడతాయి. పక్కన నిలబడితే కమ్మటి వాసన. మగపూలు ఒకే కాడకి గుంపుగా ఉంటాయి, రోజుకొకటీ రెండూ విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరిది, కింద నూగు పట్టిన పిందె, అగ్గిపుల్లకంటే కొంచెం పొడుగు. మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, ఆ పుప్పొడి ఆడపువ్వు నడిమధ్య అద్దాలి. అంతే పెళ్ళి.

ఆరోజు మంగళవారం. పందిరి నడిమధ్య, చేయి అందని చోట ఒకే ఒక్క ఆడపువ్వు. స్టూలు వేసుకున్నా. దోమలకని తెల్ల తువ్వాలు తలమీంచి కప్పుకున్నా, పంచె కూడా తెల్లదే. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. సెల్లు టార్చి వేసి నోట్లో కరుచుకున్నా, వెలుగంతా గడ్డం కింద నుంచి మొహమ్మీదకి. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పువ్వు. ఊహించుకో.

వెనకింటి మిద్దె మీద బట్టలు తియ్యడానికొచ్చిన పెద్దావిడ ఊహించుకోలేదు, నేరుగా చూసేసింది. ఆ కేక వేదాయపాళెం స్టేషన్ దాకా వినపడి ఉంటాది. నేను బిత్తరపోయి "ఉఁ ఉఁ" అన్నా, నోట్లో సెల్లు కదా. అది ఇంకా ఘోరంగా వినపడింది. రెండు నిమిషాల్లో గోడకి అవతల నలుగురు, టార్చిలు, చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన.

"ఎవడ్రా అది? దిగు!"

ఆ "దిగు" వినగానే నా కాళ్ళు వాటంతటవే దిగాయిరా పెంచలా. ఆ గొంతు ఎవరిదనుకున్నావు? మన చీమలసారు! నిజం! ఏడో తరగతి సైన్సు! రిటైరయ్యి, కొడుకు కట్టిన ఇంట్లోకి మూడు నెలల కింద వచ్చాడంట. నాకు తెలవనే తెలవదు. గోడకి అవతల ఆయన, ఇవతల నేను.

"ఏం చేస్తా ఉండావ్ అక్కడ?"

ఇంకేం నోరు రాలేదు. చేతిలో పువ్వు ఎత్తి చూపించి, "పరాగసంపర్కం సార్" అన్నా.

నిశ్శబ్దం. ఆయన టార్చి నా మొహం మీద నుంచి పువ్వు మీదకి, మళ్ళీ మొహం మీదకి. "ఏ బడి రా నువ్వు?" చెప్పా. "ఏ బ్యాచి?" చెప్పా. "ఆ మందారంగాడి పక్కన కూర్చునేవాడివా?"

నీ పేరు గుర్తులేదు, నీ మందారం గుర్తుండాది! బోర్డు మీద నువ్వు గీసిన ఆ మందారం! దానికి మీసాలు పెట్టావే, కేసరాలంటే అవేననుకుని. ఆరోజు బెంచీ మీద నిలబడి నేను నీతో అన్న మాట ఇక్కడ రాయను, అమ్మ ఒక్కోసారి నా కాయితాలు చదువుతుంది. "ఆరోజు అడిగితే ఇద్దరికీ రాలేదు. ఇప్పటికి నేర్చుకున్నావన్నమాట" అని సారు కర్ర దించాడు. అందరూ నవ్వారు. మిద్దె మీద కేకేసిన పెద్దావిడ సార్ వాళ్ళావిడంట, ఆమె ఒక్కామె నవ్వలేదు, ఆమెకి మర్నాడు తాయత్తు కట్టించారు.

పిందె నిలిచింది! నాలుగోరోజు పసుప్పచ్చగా అవ్వాల్సింది ఆకుపచ్చగానే ఉండి జానెడైంది. సారు రోజూ తెల్లారి ఆరుకి టైలరు టేపుతో గోడ దగ్గరికి వచ్చేవాడు. కొలిచి, చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. పదో రోజుకి రెండడుగులు. కొంచెం వంకర తిరిగింది. వంకర పోవడానికి కొసకి రాయి కడతారు కదా, అమ్మ చిన్న గులకరాయి కట్టమంది, నిమ్మకాయంత. నేను విన్నానా? సారు ముందర నిటారుగా, గీత గీసినట్టు వేలాడాలని తాపత్రయం. ఇంకా పెద్దది కట్టా. అర్ధరాత్రి టప్‌మని శబ్దం. లేచి పోతే కాయ సగానికి తెగి, రాయి మట్టిలో, పైసగం పందిరికి ఊగతా ఉండాది.

నవ్వకు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. యాభైమూడేళ్ళ మనిషిని, రాత్రి ఒంటిగంటకి పందిరి కింద నిలబడి తెగిన పొట్లకాయ పట్టుకుని... అది ఒట్టి కాయ కాదు, నీకు తెలుస్తాది.

తెల్లారి సారుకి ఎట్టా చెప్పాలో తెలవక ముక్క చూపించా. ఆయన కాయ వైపు చూడనే లేదు. "రాయి తీసుకురా" అన్నాడు. వాళ్ళింట్లో వంటింటి కాటా మీద పెట్టి తూచాడు. నాలుగువందల గ్రాములు. నోటుబుక్కులో కాయ పొడుగు పక్కనే ఆ బరువూ రాసుకుని, "మళ్ళీ కట్టేటప్పుడు వంద దాటనియ్యకు" అని లోపలికి పొయ్యాడు. అంతే. ఒక్క మాట అనలేదు.

కాయ రెండు ముక్కల్నీ మీ చెల్లెలు పాలు పోసి కూర చేసింది. సారు వాళ్ళకి గిన్నె పంపించాం. ఆరోజు మా ఇంట్లో కోడిగుడ్డు వండడానికి వీల్లేదని అమ్మ హుకుం. పొట్లకాయ, గుడ్డు కలిపి తినకూడదు కదా, ఎందుకని నేను అడగను, నువ్వూ అడగొద్దు. తెగినా రుచికేం తక్కువ లేదురా. ఎర్రగడ్డ వెయ్యకుండా, కొంచెం మిరియప్పొడి చల్లి...

నువ్వు సంక్రాంతికి రా. మైపాడు బీచికి పోదాం, మనం కూర్చునే ఆ బెంచీ ఇంకా ఉండాదో లేదో. కానీ దాని కన్నా ముందు గోడ దగ్గరికి పోదాం. సారు ఈ మధ్య కొంచెం... వచ్చాక చెప్తా. నిన్ను చూస్తే పేరు చెప్పకు, మందారం అని మాత్రం అను. వచ్చేటప్పుడు మీ అత్తగారింట్లో ఉండే ఆ తెల్ల కాకర గింజలు పది తీసుకురా, చెల్లెమ్మతో చెప్పు. ఇప్పుడు కార్తీకం ముసుర్లకి ముందే మళ్ళు ఎత్తు చెయ్యాల, ఈసారి మోకాలెత్తు, పోయినేడాది మాదిరి కాకుండా. పెంటమట్టి రెండు బస్తాలు తోలించా. ఇంకో సంగతి, గుమ్మడి గురించి, అది పెద్ద గొడవ, పక్కింటోళ్ళు...

ఆరున్నరయ్యింది. అమ్మ కిటికీలోంచి కేకేస్తా ఉండాది, విచ్చుకుంటా ఉండాయంట. ఈరోజు ఆడవి మూడు. సారు గోడ అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, దగ్గు వినపడతా ఉండాది. టార్చి యాడ పెట్టానో

నీ
రమణ