కాయిలోవర్లా స్ప్రింగులా అనే ముందు షాకబ్జర్ సంగతి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ కార్ల పేజీలో కారు కిందికి దించుకోవడం గురించి వేసిన ఆర్టికల్ చదివానండి. ఫోటోలు బావున్నాయి, కుర్రాళ్ళు ఇష్టంగా చదివుంటారు. కానీ అందులో డబ్బులుంటే కాయిలోవర్స్ (హైటు మార్చుకునేలా స్ప్రింగూ షాకబ్జరూ కలిపి వచ్చే కిట్టు) వేయించుకోండి, లేకపోతే లోవరింగ్ స్ప్రింగ్స్‌తో సరిపెట్టుకోండి అని రాశారు చూడండి, ఆ ముక్క దగ్గరే నాకు అభ్యంతరం. నేను విజయవాడ ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంటు, సస్పెన్షన్ పని చేస్తాను. దించిన కార్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, లక్ష పెట్టి బాధపడేవాళ్ళనీ చూశాను, తక్కువలో చేయించుకుని హాయిగా తిరిగేవాళ్ళనీ చూశాను. రెండిటికీ తేడా షాకబ్జర్ దగ్గర వస్తుంది, మీ ఆర్టికల్ మొత్తంలో దాని ఊసే లేదు.

స్ప్రింగు బండి బరువు మోస్తుంది, షాకబ్జర్ ఆ స్ప్రింగు ఊగుడిని ఆపుతుంది. కంపెనీవాళ్ళు ఈ రెంటినీ ఒకదానికొకటి లెక్క చూసి ఇస్తారు. లోవరింగ్ స్ప్రింగు పొట్టిగా ఉంటుంది, కొంచెం గట్టిగా ఉంటుంది. దాన్ని తెచ్చి పాత షాకబ్జర్ మీదే కూర్చోబెడితే లోపలి పిస్టన్ ఎప్పుడూ కిందకి దిగిపోయి పనిచేయాల్సొస్తుంది. లెక్క కోసం చెప్తున్నా, ఒక చిన్న కార్లో ముందు చక్రం పైకి కదలడానికి 80 మిల్లీమీటర్లు ఉందనుకోండి, 35 దించితే ఇంక 45 మిగులుద్ది, అందులోనే మళ్ళీ చక్రం మరీ పైకి రాకుండా ఆపే, ఫోమ్‌తో చేసిన బంప్ స్టాపర్ ఉంటుంది. నలుగురు ఎక్కేసరికి బండి ఆ స్టాపర్ మీద కూర్చుంటుంది, ఇంక ప్రతి గతుకూ నేరుగా బాడీకి కొడుతుంది. స్ప్రింగులు మరీ గట్టివి ఇచ్చారన్నా నడుం పోతోంది అని వచ్చేవాళ్ళలో చాలామంది కష్టం ఇదే, స్ప్రింగు మార్చినా తగ్గదు, అది పనిచేయడానికి చోటే లేదు మరి.

ఈ మధ్య ఒక అబ్బాయి స్విఫ్ట్ తెచ్చాడు, 80 వేల కిలోమీటర్లు దాటి తిరిగిన బండి, షాకబ్జర్లు మొదట్నుంచీ ఉన్నవే, వాటి మీద స్ప్రింగులు మాత్రం కొత్తగా వేయించాడు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్‌మని సౌండ్ అన్నాడు. లింక్ రాడ్లు చూశాం, చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్ చూశాం, అన్నీ బానే ఉన్నాయి. జాకీ పెట్టి లేపి చక్రం గాల్లో వేలాడినప్పుడు చూస్తే స్ప్రింగు చేత్తో తిప్పితే తిరిగిపోతోంది. షాకబ్జర్ పూర్తిగా సాగినప్పుడు పొట్టి స్ప్రింగు పై సీటుకి, అంటే పైన అది ఆనే గిన్నెకి అందట్లేదన్నమాట, చక్రం మళ్ళీ కింద ఆనగానే ఎగిరి సీట్లో పడుతోంది, ఆ చప్పుడే అది. షాకబ్జర్ మీది రబ్బరు తొడుగు పైకి లాగితే బంప్ స్టాపర్ పొడిపొడిగా రాలింది, స్ట్రట్ (స్ప్రింగు మోసే ముందు షాకబ్జర్) చుట్టూ ఆయిలు కారి దానికి దుమ్ము గట్టిగా అట్టకట్టేసింది. నిజానికి ఆ స్ప్రింగులు మంచి కంపెనీవే. కానీ అన్నేళ్ళు తిరిగి అలిసిపోయిన షాకబ్జర్ మీద గట్టి స్ప్రింగు వేస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి. ఇంక గ్యాస్ కట్టర్‌తో కాయిల్ కోయించుకుని వచ్చేవాళ్ళ సంగతయితే, ఆ వేడికి స్టీలు పదును పోద్ది, కోసిన కొస సీట్లో సరిగ్గా కూర్చోదు, ఎప్పుడు జారుద్దో తెలీదు. ఆ పని మాత్రం ఎవరూ చేయించుకోవద్దు, చేసిపెట్టే మెకానిక్కులకి కూడా చేతులు జోడించి చెప్తున్నా.

రోజూ ఆఫీసుకీ, పండక్కి ఊరికీ తిరిగే బండికి నేను చెప్పేది ఒకటే, 20, 25 మిల్లీమీటర్లకి మించకుండా దించే స్ప్రింగులు, వాటికి సరిపడే పొట్టి స్ట్రోకు (తక్కువ సాగే) షాకబ్జర్లు, రెండూ కలిపి ఒకేసారి. జర్మనీ బిల్‌స్టీన్‌వాళ్ళు దించిన బండ్ల కోసమే బీ8 అని షాకబ్జర్లు చేస్తారు, వాటికి ఐబాక్ స్ప్రింగులు జతచేసి బీ12 అని కిట్టుగా అమ్ముతారు, అంటే ఆ దేశంలో కూడా స్ప్రింగు ఒక్కటే మారిస్తే చాలదని తెలిసే అలా చేశారు. మన బండికి ఆ పార్టు దొరక్కపోతే కనీసం కొత్త కంపెనీ షాకబ్జర్లు, కొత్త బంప్ స్టాపర్లు, కొత్త టాప్ మౌంట్లు (స్ట్రట్‌ని పైన బాడీకి బిగించే రబ్బరు ముక్కలు) వేసి అప్పుడు స్ప్రింగు ముట్టుకోండి, అది కూడా తక్కువ దించేదే. స్ట్రట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి లేబర్ ఒకసారే పడుద్ది.

కాయిలోవర్స్ చెడ్డవని నేననట్లేదండి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీదకో కోయంబత్తూర్ కారీ స్పీడ్‌వేకో బండి తీసుకెళ్ళేవాళ్ళకి అవి కావాల్సిందే, ఒక్కో చక్రం హైటు విడిగా సెట్ చేసుకుని నాలుగు మూలల బరువు సరిచేసుకోవచ్చు, టైరు మార్చినప్పుడు డ్యాంపింగు, అంటే షాకబ్జర్ ఊగుడు ఆపే గట్టిదనం మార్చుకోవచ్చు. కానీ మన దగ్గర ఆ కిట్టు వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మొదటిరోజు ఫోటో కోసం అడుగుకి దించి, మళ్ళీ పాన పట్టుకోరు. రెండు వానాకాలాలు అయ్యేసరికి హైటు మార్చే ఆ మరల్లోకి బురద పోయి తుప్పు పట్టి లాక్ రింగు బిగుసుకుపోద్ది, ఇంక హైటు మారదు, సుత్తి పెట్టి కొడితే మర చెడుద్ది. చిన్న కార్లకి వచ్చే కిట్లలో ముందు 4, 5 కేజీల స్ప్రింగులు మామూలే, అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి అన్ని కేజీలు కావాలి, కంపెనీ స్ప్రింగు దాంట్లో సగమే ఉంటుంది చాలా బండ్లకి. చాలా కిట్లలో పైన రబ్బరు మౌంటుకి బదులు లోహపు బేరింగు వస్తుంది, గతుకు మీద ఆ గడగడ అంతా క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది, వెనక సీట్లో కూర్చునే అమ్మానాన్నలకి ఆ లక్ష రూపాయల సుఖం ఏమీ తెలీదు. పైగా మన చిన్న కార్లకి వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే అడ్డ దూలం) కదా, స్ప్రింగు ఒకచోట షాకబ్జర్ ఒకచోట ఉంటాయి, అందుకని ఆ కిట్టులో కూడా వెనకవి విడివిడిగానే వస్తాయి. సీలు పోతే దాన్ని రీబిల్డ్ చేసేవాళ్ళు దగ్గర్లో ఉన్నారో లేదో అది కూడా కొనకముందే కనుక్కోవాలి.

ఇంకోటి, ఎంత దించితే బండి అంత బాగా మలుపు తిరుగుద్ది అనుకుంటారు. ముందు స్ట్రట్ ఉన్న బండిని మరీ దించితే లోయర్ ఆర్ములు చక్రం వైపు పైకి ఎగిసిపోతాయి, బాడీ ఏ పాయింటు చుట్టూ ఒరుగుతుందో ఆ పాయింటు బండి బరువు కేంద్రం కన్నా ఎక్కువ కిందకి పడిపోద్ది. దాంతో బండికి ఒరిగే గుణం పెరుగుద్ది, గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపెడుతుంది అంతే. దానికితోడు క్యాంబర్ (చక్రం నిలువు వాలు) మారుద్ది, టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగే కోణం) మారుద్ది, అలైన్‌మెంట్ చేయించకుండా తిరిగితే టైరు బయటినుంచి కొత్తగా కనిపిస్తూనే లోపలి అంచు దారాలు తేలిపోద్ది. దించిన వెంటనే ఒకసారి, స్ప్రింగులు కాస్త సర్దుకున్నాక ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించాలి. నా షాపు గిరాకీ కోసం చెప్తున్నానని అనుకోవద్దు, ఎక్కడైనా చేయించుకోండి కానీ చేయించుకోండి.

స్పీడ్ బ్రేకర్ల లెక్క కూడా మీ పేజీలో రావాలండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల రేడియస్ గుండ్రం. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు, అంటే ముందు వెనక చక్రాలు రెండూ ఆ గుట్ట మీదే ఉంటాయి, లెక్కేస్తే బండి నడిమికి నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉంటే దాటొచ్చు, దించిన బండి కూడా దాటుద్ది. మన కాలనీల్లో ఉండేది ఏంటి, ఇంటిముందు వాళ్ళే సిమెంటుతో పోసిన మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు దిబ్బ, అది రెండు చక్రాల మధ్యకి వచ్చేసరికి దాని ఎత్తు మొత్తం బండి పొట్టకి కావాలి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ ఖాళీగా ఉంటే 163 మిల్లీమీటర్లు, 40 దించి ఐదుగురిని ఎక్కిస్తే వంద కూడా ఉండదేమో. తగిలేది ఆయిల్ ఛాంబరుకి, అది పగిలితే ఇంజను ప్రాణం మీదకి వస్తుంది.

చట్టం మాట మీరు అసలు ఎత్తలేదు. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో అదే చెప్పింది, అదే ఏడాది చట్టం సవరించి 182ఏ సెక్షన్లో ఒక్కో మార్పుకి 5,000 ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ అని పెట్టారు. జర్మనీలో అయితే స్ప్రింగులతో పాటు టెస్టింగ్ కాగితం వస్తుంది, దాన్నిబట్టి ఇన్‌స్పెక్షన్ చేయించుకుని అవసరమైతే బండి పేపర్లలో ఎక్కించుకుంటారు. మన దగ్గర మామూలు ఓనరుకి అలాంటి దారి లేదు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇదే పట్టుకుంటారు. ఇష్టంగా, పద్ధతిగా చేయించుకునేవాళ్ళకి అలాంటి కాగితం మన దగ్గర కూడా రావాలని నా కోరిక, కానీ అది వచ్చేదాకా రిస్కు ఏంటో కుర్రాడికి తెలిసి ఉండాలి కదా.

అందుకని ఎడిటర్ గారూ, ఈ ఉత్తరం వేయండి, వీలైతే మీ కార్ల పేజీ రాసేవాళ్ళని ఒకసారి ఆటోనగర్ పంపండి. ఏదో ఒక దించిన బండి ఎప్పుడూ పిట్టు మీద ఉంటుంది, షాకబ్జర్ విప్పి, స్టాపర్ చూపించి, కొలతలు పట్టి చెప్తాం, ఫోటోలు కూడా తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక అలైన్‌మెంట్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ