మళ్ళీ మెస్ కార్డు

బరంపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ పంతులూ,

తిట్టుకో. తిట్టడం అయ్యాకే చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. సగం రాసిన జవాబొకటి పరుపు కిందే ఉండిపోయింది, అందులో కబుర్లన్నీ చద్దివైపోయాయి. అమ్మ మోకాలు అలాగే ఉంది. పెద్దది పదో క్లాసుకొచ్చింది. ప్రమోషన్ సంగతి అడక్కు. ఇంతే.

అసలు సంగతి ఫోన్లో చెప్పొచ్చు గానీ, నువ్వు మధ్యలో నవ్వడం మొదలుపెడితే నాకు కథ తెగిపోతుంది. ఫ్లాటు కొనబోయానురా.

గోపాల్‌పూర్ రోడ్డు వైపు కడుతున్నారు. కడుతున్నారంటే ఇంకా రేకుల కంచె, లోపల గడ్డి. పక్కన ఆఫీసులో నమూనా ఫ్లాటు మాత్రం ఉంది, ఏసీతో సహా. బాల్కనీ తలుపు తీస్తే గోడ, గోడ నిండా సముద్రం బొమ్మ. "ఆరో అంతస్తు నుంచి అచ్చం ఇలాగే కనబడుతుంది సార్" అన్నాడు బిల్డరు. నేను గోడలు తడుముతున్నాను. ఏడు అద్దె ఇళ్ళు మారాం కదా మేము, దేవుడి పటానికి మేకు కొట్టాలన్నా నాన్న ఇంటాయన్ని అడిగి వచ్చేవాడు. అదే గుర్తొచ్చింది. ఆ గుర్తులోనే 51 వేలు టోకెన్ ఇచ్చేశాను. అవును, చదవకుండా. గొడుగు సంగతి ఎత్తావంటే ఊరుకోను.

రేటు 42 లక్షలు. పదిహేను రోజుల్లో 6 లక్షలు కడితేనే ఈ రేటట, అగ్రిమెంటు తర్వాత చూసుకుందామట. నేను పీఎఫ్ లోన్ కాగితాలు నింపుతున్నాను. మీ చెల్లెలు బ్రోషరు చివర చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న రెరా నెంబరు (బిల్డర్ల మీద నిఘాకి పెట్టిన ప్రభుత్వ సంస్థ ప్రాజెక్టుకి ఇచ్చే రిజిస్ట్రేషన్ నెంబరు) చూసి, ఒడిశా రెరా సైట్లో కొట్టింది. వచ్చింది! పేరు అదే, బిల్డరు అతనే. "చూశావా" అన్నాను, మీసం లేకపోయినా మెలేస్తూ. ఆవిడ కిందికి చదువుకుంటూ పోయి, "ఏమండీ, మనది ఆరో అంతస్తు కదా. ఇందులో నాలుగే ఉన్నాయి" అంది.

నాలుగే ఉన్నాయి. పూర్తి చేయాల్సిన తేదీ కూడా దాటిపోయి చాలా రోజులైంది. అది వెనక సందులో ఉన్న మొదటి ఫేజుదిరా! మాకు అమ్ముతున్నది రెండో ఫేజు.

అంటే ఏమిటో నీకు తప్ప ఈ లోకంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మన హాస్టల్ మెస్ కార్డు కథే మళ్ళీ. కార్డు మీద ఫోటో పొట్టి పంతులుది, కంచం ముందు కూర్చున్నది పొడుగు నేను. ఏడాదిన్నర తిన్నాను కదరా నీ కార్డు మీద! ఆ సాంబారు సూపరింటెండెంటు ముఖం గుర్తొచ్చి నాకు ఒకటే నవ్వు. మీ చెల్లెలికి పిచ్చి కోపం. ఆ తర్వాత నాకూ నవ్వు ఆగిపోయింది. 51 వేలు మరి.

మర్నాడు ఇద్దరం ఆ మొదటి బిల్డింగుకి వెళ్ళాం. వాచ్‌మన్ కంచిలి వైపు మనిషి. తెలుగు వినగానే స్టూలు తెచ్చి వేశాడు. లిఫ్టు ఎలా ఉందని అడిగితే, "పండగలకి నడుస్తాది బాబూ" అన్నాడు. రెండో అంతస్తులో ఒక రిటైర్డు మాస్టారున్నారు. కాఫీ కంటే ముందు ఫైలు తెచ్చారు. ఇల్లు చేతికిచ్చింది పద్నాలుగు నెలలు ఆలస్యంగా, అదీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే కాగితం) లేకుండానే. ఇల్లు చేతికిచ్చిన ఐదేళ్ళ లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగు చేయాలని చట్టంలో ఉంది. బీటల గురించి ఆయన రాసిన ఉత్తరాలే ఇరవై దాకా ఉన్నాయి, వచ్చిన జవాబులు రెండు. ఈయన్ని ముందు కలిసి, తర్వాత సముద్రం బొమ్మ చూడాల్సింది నేను.

మాస్టారే అన్నీ విప్పి చెప్పారు. 2016 రెరా చట్టం ప్రకారం ఒక్కో ఫేజుకీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది లేకుండా బుకింగులే తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా పది శాతం మించి పుచ్చుకోకూడదు. మా లెక్కకి 4 లక్షల 20 వేలు, ఇతను అడిగింది 6! కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడిగా బ్యాంకు ఖాతాలో పెట్టి ఆ కట్టడానికీ ఆ స్థలానికే ఖర్చు పెట్టాలి. నెంబరే లేని బిల్డింగుకి ఖాతా ఎక్కడ ఏడుస్తుంది?

ఇంకోటి. ఆ రాత్రి నిద్ర పట్టక ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైటు భూలేఖ్‌లో ప్లాటు నెంబరు కొట్టి చూశాను. పట్టా ఒరియాలో ఉంటుంది కదా, మన ఒరియా మాస్టారి బెత్తం దెబ్బలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయి. కిసమ్, అంటే నేల రకం, దగ్గర 'ఘరబారి' (ఇళ్ళ స్థలం) అని ఉండాలి. 'శారద' అని ఉంది. వరి పొలం! ఇళ్ళ స్థలంగా మార్పించనేలేదన్నమాట. పైగా పట్టాలో పేరు వేరే ఎవరిదో. కలిసి కడుతున్నారేమో, అది తప్పేం కాదు, కానీ ఆ ఒప్పందం కాగితం అడిగితే...

అడిగాను. నిన్న వెళ్ళి అన్నీ అడిగాను. "రెండూ ఒకటే కదా సార్, అన్నదమ్ముల్లాంటివి" అన్నాడు. నెంబరేదయ్యా అంటే, "హెబొ, హెబొ", అవుతుంది, అవుతుంది అని. ఆ హెబొకి తారీఖు ఉండదని మనిద్దరికీ తెలుసు. టోకెన్ వెనక్కివ్వమంటే నవ్వు తగ్గింది. సోమవారం రమ్మన్నాడు. అంటే రేపే. రసీదు మీద 'బుకింగ్' అని రాసి ముద్ర వేసి ఇచ్చాడు, అదే మన చేతిలో ఆయుధం అంటున్నారు మాస్టారు. ఇవ్వకపోతే భువనేశ్వర్లో రెరాకి ఫిర్యాదు చేద్దాం, కాగితం నేను రాసిపెడతానన్నారు. ఆయనకి భలే ఉత్సాహంగా ఉంది, నాకే కాళ్ళు వణుకుతున్నాయి.

మీ బావమరిది ఇప్పటికీ కోర్టుకి వెళ్తున్నాడా, మానేశాడా? రసీదు కాపీ ఇందులోనే పెడుతున్నాను, ఒక్కసారి చూపించు. మీ చెల్లెలైతే ఇప్పుడు నాతో కూరగాయల బిల్లు కూడా...

చిన్నత్త కొడుకు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వాడి బండికి టైమైపోయింది. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. రేపటి సంగతి

నీ పొడుగు